వెంకటరామారావు గారు ఎవరినీ రానివ్వరు

భద్రాచలంలో వెంకటరామారావు గారిని ఎరిగిన వాళ్లందరికీ ఆయన గురించి గట్టిగా తెలిసిన సంగతి ఒక్కటే. ఆయన ఎవరినైనా ముందు వద్దంటారు, ఆ తరువాత ఎవరని అడుగుతారు. పాలవాడైనా అంతే, సొంత మేనమామైనా అంతే. తలుపు తట్టిన చప్పుడు కాగానే లోపలి నుంచి "వద్దు" అనే మాట బయటికొస్తుంది. అందులో కోపం ఏమీ ఉండదు. కొందరికి పొద్దున్నే తుమ్ము ఎలా వస్తుందో ఆయనకు వద్దు అలా వస్తుంది. తరువాత తీరిగ్గా కళ్లజోడు సవరించుకుని మూడు ప్రశ్నలు వేస్తారు. ఎవరు, ఎక్కడి నుంచి, ఏం పని. మూడింటికీ సరైన జవాబు వస్తే గడియ తీస్తారు, కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇప్పిస్తారు. లోపలికి వెళ్లిన వాడికి ఆయనంత మర్యాదస్తుడు ఇంకెక్కడా కనపడడు. వెళ్లడమే కష్టం.

ఆయనకు దొరికిన ఉద్యోగం కూడా అలాంటిదే. గోదావరి ఒడ్డున ఉన్న ఒక ట్రస్టు దవాఖానాలో కంప్యూటర్ల నెట్‌వర్క్ అంతా ఆయన చేతిలో ఉంటుంది. దుమ్ముగూడెంలోనూ, ఇంకా పైన అడవి అంచు ఊళ్లలోనూ ఆ దవాఖానాకు చిన్న చిన్న శాఖలున్నాయి. అక్కడ తీసిన ఎక్స్‌రే ఇక్కడి డాక్టరు తెర మీద కనపడాలి, ఇక్కడ రాసిన మందు అక్కడి నర్సుకు తెలియాలి. ఇందుకోసం వేసిన తీగలన్నీ వచ్చి చేరే పెట్టెను స్విచ్ అంటారు. గోడకుండే లైటు స్విచ్ కాదు. రైల్వే జంక్షన్ లాంటిది. ఏ బండి ఏ పట్టా మీద పోవాలో చెప్పేది అదే. శాఖల్లో ఒక్కొక్కటీ, భద్రాచలంలో అన్నిటికీ పెద్దది మరొకటీ ఉన్నాయి. వాటిని వెంకటరామారావు గారు కన్నబిడ్డల్లా చూసుకుంటారు. పిల్లల్ని ముద్దుచేయడానికైనా ఎవరినీ దగ్గరికి రానివ్వని తండ్రి ఆయన.

ఆయన కింద పనికి చేరిన మనిషి సరిత. మణుగూరు బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన కార్మికుడి కూతురు. డిప్లొమా చదివింది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి కాగితం తిరగరాస్తే ఉన్నట్టు, లేకపోతే మళ్లీ మణుగూరు బస్సెక్కినట్టు. చేరిన మొదటి వారమే వెంకటరామారావు గారు ఆమెను పెద్ద స్విచ్ ముందు నిలబెట్టి, గర్భగుడి చూపించిన పూజారిలా గొంతు తగ్గించారు.

"చూడమ్మాయ్. ఈ పెట్టెను మార్చాలంటే దీని దగ్గరికి రానక్కర్లేదు. ఎక్కడో కూర్చుని, అక్కడి నుంచే దీని లోపలికి దూరి, తీగలన్నీ తారుమారు చేసేయొచ్చు. దూరం నుంచి లాగిన్ అంటే అదే. నా భయమంతా దాంతోనే."

"పాస్‌వర్డ్ ఉంటది గద సార్?"

"పాస్‌వర్డ్ అంటే తాళం. దొంగవాడు తాళం ముందు బాసిపట్టు వేసుక్కూర్చుని, తీరిగ్గా వంద తాళంచెవులు తిప్పి చూస్తాడు. నేను వాణ్ణి తాళం దాకా రానిస్తేగా! ఏ కంప్యూటర్ నుంచి వచ్చాడో స్విచ్ ముందే చూస్తుంది. ఆ కంప్యూటర్ నంబర్ జాబితాలో లేకపోతే వీధిలోనే ఆపేస్తుంది. లోపల తాళం ఉందో లేదో కూడా వాడికి తెలీదు."

"జాబితల ఎవరెవరున్నరు సార్?"

"నేను."

"ఇంకా?"

"ఇంకా ఎందుకు?"

ఆయనే మళ్లీ అందుకున్నారు. "ఇంకో విశేషం చెప్తా విను. జాబితా కింద కనపడని గీత ఒకటుంటుంది. 'మిగతా ఎవరూ వద్దు' అని. మనం రాయక్కర్లేదు, దానంతటదే ఉంటుంది. నేను చదివిన చదువంతటిలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటేనమ్మాయ్."

"నా కంప్యూటర్ నంబర్ కూడ రాయండి సార్ మరి. పని నేర్సుకుంట."

"వద్దు," అన్నారు వెంకటరామారావు గారు. ఆ తరువాత కళ్లజోడు సవరించుకుని, "ఇంతకీ ఎవరడిగింది?" అన్నారు. అక్కడ ఉన్నది ఆమె ఒక్కతే.

ఇంట్లో కూడా ఇదే వరస. గేటుకు ఒక మనిషిని పెట్టి, ఎవరిని రానివ్వాలో చెప్పి ఉంచారు. అందులో "మధిర నుంచి వచ్చే బావమరిది" అని ఉంది. ఒకసారి ఆ బావమరిది మామిడిపళ్ల బుట్టతో దిగాడు. గేటు మనిషి ఎక్కడి నుంచి అని అడిగితే, దారిలో స్నేహితుడి ఇంట పడుకుని వచ్చాడు కాబట్టి, ఉన్న మాట చెప్పాడు పాపం. నేలకొండపల్లి నుంచి అన్నాడు. అంతే, గేటు పడింది. ఆయన భార్య నాగలత గారు పరుగున వచ్చి, "ఏమండీ, మా తమ్ముడండీ! ఎండలో నిలబడ్డాడు!" అని మొత్తుకున్నారు. "తమ్ముడు కాదని ఎవరన్నారు? మధిర నుంచి వస్తే రానిమ్మన్నాను. నేలకొండపల్లి నుంచి వచ్చాడు. మనిషి ఎవరన్నది కాదే, ఎక్కడి నుంచి వచ్చాడన్నది లెక్క," అన్నారీయన. చివరికి నాగలత గారు కొంగు బిగించి తనే గేటు తీశారు. బావమరిది బుట్ట దించి, ఈసారి మధిర టికెట్ చూపించి మరీ వస్తానన్నాడు. వెంకటరామారావు గారికి ఆ మాట ఎంతో నచ్చింది. "ఇన్నాళ్లకు దారిలో పడ్డావు బావా," అని రెండు మామిడిపళ్లు ఎక్కువ తిన్నారు.

ఓసారి హైదరాబాదు నుంచి స్విచ్‌లు అమ్మిన కంపెనీ ఇంజినీరు ఫోన్ చేశాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలి, దూరం నుంచే లోపలికి వస్తాను, కాస్త దారి ఇవ్వండి అన్నాడు. వద్దన్నారు. స్విచ్ మేమే అమ్మాం సార్ అన్నాడు. "పిల్లనిచ్చారు, సంతోషం. అంతమాత్రాన మా ఇంటి వంటగదిలోకి ఎప్పుడు పడితే అప్పుడు వస్తానంటే ఎలాగండీ?" అన్నారు. ఆ ఇంజినీరు చివరికి రైలెక్కి, బస్సెక్కి, భద్రాచలం వచ్చి, వెంకటరామారావు గారి పక్కన కుర్చీలో కూర్చుని, ఆయన చూస్తుండగా పని పూర్తి చేశాడు. వెళ్లేటప్పుడు నాగలత గారు కట్టిన పులిహోర పొట్లం చేతిలో ఉంది కాబట్టి మరీ అంత తిట్టుకోలేదు.

దుమ్ముగూడెం సంగతి చెప్పకపోతే ఈ మనిషి సంగతి చెప్పినట్టే కాదు. అక్కడి స్విచ్‌కు ఒక రోజు ఇక్కడి నుంచే కొత్త జాబితా రాశారు. పాతదాని కన్నా గట్టిగా ఉండాలని ఎంతో శ్రద్ధగా, పెదవులు కదుపుకుంటూ రాశారు. రాసి మీట నొక్కారు. తెర బిగుసుకుపోయింది. ఇంకోసారి నొక్కారు. కదలదు. నిటారుగా కూర్చున్నారు. ఆ జాబితాలో తన సొంత కంప్యూటర్ నంబర్ రాయడం మరిచిపోయారు. ఇక ఆ స్విచ్ లోపలికి ఈ భూమ్మీద ఎవరూ పోలేరు, ఆయనతో సహా. ఇంకెవరైనా అయితే తల పట్టుకుంటారు. ఈయన ముఖం చాటంత అయింది.

"చూశావా అమ్మాయ్! నన్ను కూడా రానివ్వలేదు! ఎంత గట్టిగా కుదిరిందో!"

"కుదిరింది సార్. ఇప్పుడెట్ల?"

"నీలం తీగ తీసుకో. బస్సెక్కుదాం."

దూరం నుంచి దారి మూసుకుపోతే స్విచ్ దగ్గరికే వెళ్లి, దానికి నేరుగా ఒక తీగ గుచ్చి బాగుచేయాలి. ఆ తీగ నీలంగా ఉంటుంది. ఇద్దరూ గోదావరి పక్కనే బస్సులో ఊగుతూ దుమ్ముగూడెం చేరేసరికి అక్కడ నర్సు చాంది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె చేరి వారమే అయింది, ఈయనను ఎప్పుడూ చూడలేదు.

"ఎవరు సార్ మీరు? ఎందుకొచ్చిన్రు? మిషిన్ల రూములకు ఎవల్నీ పోనియ్యొద్దన్నరు."

"ఎవరన్నారు?"

"భద్రాచలంల వెంకటరామారావు సారంట."

వెంకటరామారావు గారు ఆ గుమ్మం ముందు ఆనందంతో నిలువునా కరిగిపోయారు. నేనే ఆ వెంకటరామారావునని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. ఆమె ఇంకేం అడుగుతుందో చూద్దామని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె భద్రాచలానికి ఫోన్ చేసి, ఫొటో తెప్పించుకుని, ఫొటోతో ముఖాన్ని రెండుసార్లు పోల్చి చూసి, అప్పుడు పక్కకు జరిగింది. దారి పొడుగునా, తిరుగు బస్సులో కూడా ఆయన ఆమెనే పొగిడారు. "ఆ పిల్లకు స్విచ్ అవసరం లేదమ్మాయ్. ఆ పిల్లే స్విచ్."

ఆ బస్సు ప్రయాణం తరువాత ఆయన ఒక జాగ్రత్త అలవాటు చేసుకున్నారు. ఏ మార్పు చేసినా ముందుగా స్విచ్‌తో, పది నిమిషాల్లో నువ్వు ఆగి మళ్లీ మొదలవ్వు అని చెప్పి ఉంచుతారు. మార్పు బాగుంటే ఆ మాట రద్దు చేసి, మార్పును స్విచ్ జ్ఞాపకంలో దాస్తారు. పొరపాటున తనే బయట చిక్కుకుంటే, పది నిమిషాలకు అది ఆగి లేచి, దాచని మార్పును మరిచిపోయి, పాత పద్ధతిలో నడుస్తుంది. నెట్‌వర్క్ పని చేసేవాళ్లకు ఇది తెలిసిన చిట్కానే. కాకపోతే దాన్ని ఇంటికి తెచ్చుకున్న వాళ్లు ఎవరూ ఉండరు. కొత్త చొక్కా తొడుక్కుని నాగలత గారి ముందు అటూ ఇటూ తిరుగుతారు. పది నిమిషాల్లో ఆమె బాగుందనకపోతే పాతది వేసుకుని ఆఫీసుకు వెళతారు. ఆమెకు ఒకసారి పంటినొప్పి వచ్చి నోరు తెరవలేకపోతే, వారంలో ఈయన కొత్త చొక్కాలన్నీ బీరువాలోకి తిరిగి వెళ్లిపోయాయి.

ఇవన్నీ సరిత నవ్వుతూ చెప్పేది. ఒక్క విషయంలో మాత్రం ఆమెకు నవ్వు రాదు. వచ్చి రెండేళ్లయినా ఆమె కంప్యూటర్ నంబర్ ఆ జాబితాలోకి ఎక్కలేదు. వంద సార్లు అడిగి ఉంటుంది. వంద సార్లూ వద్దే. స్విచ్ పక్కన కూర్చోబెట్టి పని మాత్రం దాచకుండా నేర్పారు. నీలం తీగ గుచ్చి పని చేయమంటే కళ్లు మూసుకుని చేస్తుంది. దూరం నుంచి లోపలికి రానివ్వడానికి మాత్రం ఆయనకు మనసొప్పదు.

ఇంతలో పర్మినెంట్ పోస్టు ఒకటి పడింది. నెట్‌వర్క్ అసిస్టెంట్. దవాఖానా మేనేజరు జయప్రకాశ్ గారు ప్రకటన అంటించారు. అందులో ఒక షరతు ఉంది. పెద్ద స్విచ్‌లోకి సొంత పేరుతో లాగిన్ అయి పనిచేసిన అనుభవం ఉండాలి. సరిత ఆ కాగితం చదివి నేరుగా వెంకటరామారావు గారి బల్ల ముందుకెళ్లింది.

"సార్, ఇప్పుడన్న రాయండి. ఈ ఉద్యోగం రాకపోతే కాంట్రాక్టు కూడ తిరగరాయరంట. నేను మణుగూరు పోవుడే."

"వద్దు," అన్నారు ఆయన, ఎప్పటిలాగే.

ఈసారి ఆమె నవ్వలేదు. "రెండేండ్ల సంది మీ పక్కనే కూసుంటున్న సార్. నన్ను గింత కూడ నమ్మరా?" అంది. ఆయన ఏదో చెప్పబోయి కళ్లజోడు తుడుచుకున్నారు. ఆమె వచ్చేసింది. ఆ రోజంతా ఆమెకు మనసు చివుక్కుమంటూనే ఉంది. నవ్వించే మనిషి నమ్మకపోతే ఆ బాధ వేరు.

మర్నాడు మధ్యాహ్నం సరిత తన బల్ల దగ్గరే డబ్బా విప్పుకుని గోంగూర పప్పు కలుపుకుంటోంది. ఎక్కడో కలకలం మొదలైంది. బిల్లులు రాసే చోట తెరలు ఆగిపోయాయి. ల్యాబు ఆగిపోయింది. మందుల షాపు ఆగిపోయింది. మేడ మీద, మేడ కింద, ఎక్కడా ఏదీ తెరుచుకోవడం లేదు. సరిత ఎడమ చేత్తో తన కంప్యూటర్ తాకి చూసింది. హాయిగా నడుస్తోంది.

డాక్టర్ భారతమ్మ గారు మెట్లు దిగి పరుగున వచ్చారు. దుమ్ముగూడెం నుంచి ఒక ముసలాయన తుంటి ఎక్స్‌రే రావాలి, ఆయన అక్కడ బల్ల మీద పడుకుని ఉన్నాడు, ఇక్కడ తెర నల్లగా ఉంది. "అమ్మాయ్, నీది నడుస్తోందా? కాస్త జరుగు," అని సరిత కుర్చీలో కూర్చుని ఎక్స్‌రే తెప్పించుకున్నారు. ఆ వార్త క్షణంలో దవాఖానా అంతా పాకింది. ల్యాబు వాళ్లొచ్చారు, బిల్లుల వాళ్లొచ్చారు, మందుల చీటీలు పట్టుకుని రోగుల బంధువులొచ్చారు. సరిత బల్ల ముందు రేషన్ షాపుకు మించిన వరస తయారైంది. ఆమె పప్పన్నం డబ్బా చేతులు మారి, చివరికి ఎవరో దాన్ని కిటికీలో పెట్టారు.

ఆ వరసను తోసుకుంటూ జయప్రకాశ్ గారు వచ్చారు. తెర వంక చూశారు, సరిత వంక చూశారు, రెండూ రెండూ నాలుగని లెక్క వేశారు.

"ఏంది సరితా ఇది? అందరివీ బంద్, నీదొక్కటే ఎట్ల నడుస్తాంది?"

"నాకేం ఎరుక సార్? నేను అన్నం తింటున్న."

"అన్నం తింటున్నవా, మా నోట్ల మన్ను కొడుతున్నవా? ఇప్పుడు ఈ దవాఖాన మొత్తంల ఆ స్విచ్ లోపలికి పోగలిగేది నువ్వొక్కదానివే! అందరి దారి మూసి నీది నడుపుకుంటున్నవ్. ఉద్యోగం అడిగితే ఇయ్యలేదని కక్షనా? రేపు ఇంటర్వ్యూకు రాకు. కాంట్రాక్టు సంగతి కూడ చూస్త."

అంత మంది ముందు సరిత చేతికి ఇంకా పప్పన్నం అంటుకునే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అసలు సంగతి అప్పటికి ఒక్కరికే తెలుసు. ఆయన పక్క గదిలో ముచ్చెమటలు పోసుకుంటూ ఇంటికి ఫోన్ చేస్తున్నారు. నీలం తీగ ఎవరి చేతిలోనూ పడకూడదని ఇంట్లో బీరువాలో పెట్టారు. తెమ్మని వార్డులో పనిచేసే సీతయ్యను పంపించారు. అక్కడ నాగలత గారు గేటు దగ్గరే సీతయ్యను ఎవరు, ఎక్కడి నుంచి, ఏం పని అని ఆరా తీసి, వెనక్కు పంపేశారు.

"నాగలతా, నేనే చెప్తున్నాను, ఇవ్వవే!"

"ఎవరు ఫోన్ చేసి అడిగినా ఇవ్వొద్దన్నారుగా మీరు. మీరు చేసినా ఇవ్వొద్దనే అన్నారు. మీ గొంతును ఎవరైనా అనుకరించొచ్చట."

వెంకటరామారావు గారికి తన భార్య మీద గర్వం, తన మీద జాలి ఒక్కసారే కలిగాయి. ఫోన్ పెట్టేసి, లేచి, ఆ గుంపులోకి వచ్చారు.

"జయప్రకాశ్ గారూ, ఆ అమ్మాయిని ఏమీ అనకండి. చేసింది నేను."

"మీరా? మీరెందుకు చేస్తరు?"

"సరిత నంబర్‌ను జాబితాలో రాస్తున్నాను. ఆమెకు చెప్పలేదు, లోపలికి వచ్చి చూసుకుని సంతోషిస్తుందని. ముందు ఆమె నంబర్ రాశాను. కింద నాది రాయబోతుంటే ఆత్రం ఆగలేదు. లాగిన్ గుమ్మానికి కాపలాగా పెట్టాల్సిన ఆ జాబితాను తీసుకెళ్లి, దవాఖానా మొత్తం నడిచే పెద్ద దారికి పెట్టేశాను. ఇప్పుడు ఆ దారిలో సరిత కంప్యూటర్ తప్ప ఏదీ నడవదు. నేను కూడా బయటే ఉన్నాను."

"పది నిమిషాల జాగ్రత్త ఉంటది గద మీకు?"

"అదీ పెట్టాను. పది నిమిషాలకు స్విచ్ ఆగింది, లేచింది. కాకపోతే సంతోషంలో మార్పును ముందే దాచేశాను. తప్పును చక్కగా గుర్తుపెట్టుకుని మరీ లేచింది."

జయప్రకాశ్ గారు నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆయనకు మంచి కారణమే ఉంది. "రామారావు గారూ, మీరు ఆమెను కాపాడనీకి చెప్తున్నరు. సొంత బావమరిదిని గేటు బయట నిలబెట్టిన మనిషి మీరు. మీరు ఒకరిని లోపలికి రానిచ్చిన్రంటే ఎవరన్న నమ్ముతరా?" అన్నారు. గుంపులో చాలామంది అవును కదా అని తలలూపారు. జన్మానికొకసారి ఒకరిని రానిస్తే, దానికి సాక్ష్యం దొరకలేదు ఆయనకు.

వెంకటరామారావు గారి గొంతు మారింది. "భాను గుర్తున్నాడా మీకు?" అన్నారు.

కొత్తవాళ్లకు తెలియదు గానీ పాతవాళ్లు తలలు దించుకున్నారు. సరిత కన్నా ముందు ఆ బల్ల దగ్గర కూర్చున్న కాంట్రాక్టు కుర్రాడు భాను.

"అప్పట్లో స్విచ్ లోపలికి అందరూ వచ్చేవాళ్లు. ఒకటే పాస్‌వర్డ్, ఊరందరికీ తెలుసు. ఎవరో, ఎక్కడి నుంచో వచ్చి బిల్లులు ఆపేశారు. ఎవరో తెలీలేదు. తెలీనప్పుడు ఎవరి మీద పడుతుందండీ? కాంట్రాక్టు వాడి మీదే. భాను చేశాడని మీరు చూపలేకపోయారు, చేయలేదని నేను చూపలేకపోయాను. వాడు పెట్టె సర్దుకుని పోయాడు. ఆ రోజే అనుకున్నాను. ఇక నా ఒక్కడి నంబర్ తప్ప ఇందులో ఎవరిదీ ఉండకూడదని. లోపలికి రాలేని మనిషి మీద నింద వేయలేరు కదా. ఏం జరిగినా నేనే దొరకాలి. పర్మినెంట్ వాణ్ణి, నాకు మెమో ఇస్తారు, అంతేగా."

సరిత ఆయన వంకే చూస్తోంది. రెండేళ్లు వంద సార్లు విన్న ఆ వద్దు అనే మాట ఆమెకు ఇప్పుడు వేరేగా వినపడింది.

"మరి ఇప్పుడెందుకు రాసిన్రు సార్?" అంది మెల్లగా.

"నువ్వు నమ్మరా అని అడిగావు కదమ్మాయ్. నిద్ర పట్టలేదు. నీ పేరుతో విడిగా ఒక ఖాతా తెరిచాను. ఎవరు ఏం చేసిందీ ఇక పేరుతో సహా పడుతుంది. ఒకరి తప్పు ఇంకొకరి మీద పడదు. ముందే ఈ పని చేయాల్సింది, భయం వదల్లేదు."

భారతమ్మ గారు గొంతు సవరించుకుని, "ముసలాయన తుంటి సంగతి కూడా కాస్త చూద్దామా?" అన్నారు. అప్పుడు అందరికీ దవాఖానా గుర్తొచ్చింది. బాగుచేయగలిగిన కంప్యూటర్ ఒక్కటే ఉంది కాబట్టి సరిత చేయి కడుక్కుని వచ్చి కూర్చుంది. ఖాతాకు పాస్‌వర్డ్ కావాలి. వెంకటరామారావు గారు చుట్టూ చూశారు. చెప్పక తప్పదు, అంత మందిలో చెప్పనూ లేరు.

"అందరూ గోడకేసి తిరగండి," అన్నారు. "చెవులు మూసుకోండి."

బిల్లుల వాళ్లు తిరిగారు. ల్యాబు వాళ్లు తిరిగారు. చీటీలు పట్టుకున్న బంధువులు తిరిగారు. డాక్టర్ భారతమ్మ గారు స్టెతస్కోపు చెవులకు తగిలించుకుని మరీ తిరిగారు. జయప్రకాశ్ గారు కాసేపు నిలబడి చూసి, ఒంటరిగా బాగుండదని ఆయనా తిరిగారు. వెంకటరామారావు గారు సరిత చెవిలో చెప్పారు. అది ఎంత పొడవుందంటే, మధ్యలో ఆమె రెండుసార్లు మళ్లీ చెప్పమంది.

ఆమె లోపలికి వెళ్లింది. పెద్ద దారి మీద కూర్చున్న కాపలాను ఒక్క వరస టైపు చేసి తీసేసింది. మేడ మీద నుంచి ఎవరో వచ్చింది వచ్చింది అని అరిచారు. గోడకేసి నిలబడ్డ జనం చప్పట్లు కొట్టబోయి, తిరగొచ్చా సార్ అని అడిగారు. ఆగండి అన్నారాయన. జాబితాను అసలు గుమ్మానికి మార్చాలి, అందులో ఆయన నంబర్ చేర్చాలి.

"నాది కూడా రాయి అమ్మాయ్," అన్నారు బతిమాలుతున్నట్టు.

సరిత చేతులు కట్టుకుంది. "ఎవరు సార్ మీరు? ఎక్కడి నుంచి? ఏం పని?"

గోడల దగ్గర నవ్వులు పేలాయి. చెవులు మూసుకున్న వాళ్లు కూడా నవ్వారు. వెంకటరామారావు గారు మాత్రం నవ్వకుండా మూడు ప్రశ్నలకూ పొందిగ్గా జవాబు చెప్పారు. జవాబులు తృప్తిగా ఉన్నాయని ఆమె ఆయన నంబర్ రాసింది.

జయప్రకాశ్ గారు వెంకటరామారావు గారికి మెమో ఇచ్చారు. సరితను ఇంటర్వ్యూకు రమ్మన్నారు కానీ ప్రకటనలో షరతు మాత్రం షరతే అన్నారు. మర్నాడు గదిలో ఆయన, భారతమ్మ గారు కూర్చున్నారు. వెంకటరామారావు గారిని లోపలికి రానివ్వలేదు. ఆయన వసారాలో పచార్లు చేస్తున్నారు.

"చదువు బాగనే ఉంది. పని కూడ వస్తది. కాని సొంత పేరుతోని స్విచ్ లోపలికి పోయి పనిచేసిన అనుభవం ఉండాలె. నీకెంత ఉంది?" అని అడిగారు జయప్రకాశ్ గారు.

"ఒక్క మధ్యాహ్నం సార్."

"ఒక్క మధ్యాహ్నాన్ని అనుభవమని ఎట్ల రాసుకోను సరితా?"

"నిన్న ఈ దవాఖాన మొత్తంల ఆ స్విచ్ లోపలికి పోగలిగేది నేనొక్కదాన్నే అని మీరే అన్నరు గద సార్. అందరి ముంగట అన్నరు. మీరన్నది నిజమే. ఈ ఊర్ల నా అంత అనుభవం నిన్న ఇంకెవ్వరికీ లేదు."

భారతమ్మ గారు కలం కింద పెట్టి, "అన్నారండీ. నేను గోడకేసి తిరగక ముందే అన్నారు. బాగా వినపడింది," అన్నారు. ఆ మాటకు జయప్రకాశ్ గారికే నవ్వాగలేదు. "అవ్, అన్న," అని ఒప్పుకుని, ఎదుట ఉన్న కాగితం మీద సంతకం పెట్టారు.

సరిత బయటికి వచ్చేసరికి వెంకటరామారావు గారు ఏమీ పట్టనట్టు గోడ మీది క్యాలెండర్ చదువుతున్నారు. అది కిందటేడాదిది.

"వచ్చింది సార్," అంది ఆమె.

ఆయన క్యాలెండర్ వైపు నుంచి తిరగలేదు. కళ్లజోడు మాత్రం తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. "మంచిదమ్మాయ్. ఇన్నాళ్లూ ఏ తప్పు జరిగినా నేనొక్కణ్ణే దొరికేవాణ్ణి. ఇక ఇద్దరం ఉన్నాం. నాకెంత ధైర్యంగా ఉందో చెప్పలేను," అన్నారు.

"ఆర్డరు ఇంక చేతికి రాలే సార్. అప్పుడే వాటా పంచుతున్నరా?" అంది సరిత. ఇద్దరూ నవ్వుకుంటూ పనిలోకి వెళ్లారు.